మిగిలిన వంటతో నెల సరుకులు సాగదీసుకోవడం ఎలా: నల్లగొండ, పాలమూరు ఇళ్లకు ఒక సమగ్ర మార్గదర్శి

నెల మొదట్లో తెచ్చిన సరుకులు ఇరవయ్యో తారీఖుకే అడుగంటితే మనం ముందుగా ధరలను తిట్టుకుంటాము, ఆ తర్వాత కిరాణా దుకాణంలో ఉద్దెర పద్దు తెరుస్తాము. ధరలు మన చేతిలో ఉండవు. వండిన దానిలో ఎంత తిన్నాము, ఎంత పారబోశాము అన్నది మాత్రం పూర్తిగా మన వంటింటి లెక్క. నల్లగొండ పట్టణంలో ఐదుగురం ఉండే మా ఇంట్లో కొన్నేళ్లుగా పాటిస్తున్న పద్ధతిని, దేవరకొండ వైపు నుంచి వచ్చిన మా అమ్మ అలవాట్లనూ, అచ్చంపేట వైపు పుట్టి పెరిగిన మా అత్తమ్మ అలవాట్లనూ కలుపుకొని, ఇక్కడ వరుసగా రాస్తున్నాను.

మొదలుపెట్టే ముందు ఒక్క సూత్రం మనసులో పెట్టుకోవాలి. మిగిలిన వంట మరొక పూట వంటకు బదులుగా నిలిచినప్పుడే డబ్బు ఆదా అవుతుంది. రాత్రి మిగిలిన గిన్నెడు అన్నంలో శనగపిండి కలిపి, పావు లీటరు నూనె మరిగించి పకోడీలు వేసి, ఆ తర్వాత మామూలుగా టిఫిను కూడా చేసుకుంటే, అన్నం వృథా కాలేదన్న తృప్తి దక్కుతుందే తప్ప ఆ రోజు ఖర్చు పెరుగుతుంది. ఈ మార్గదర్శిలో చెప్పే ప్రతి వంటకాన్నీ ఈ గీటురాయి మీద రుద్ది చూసుకున్నాకే రాశాను.

మొదటి అడుగు: ఒక వారం పాటు పారబోసిన దానిని రాసి పెట్టుకోవడం

ఏ మార్పూ చేయకుండా, ఒక వారం పాటు ఇంట్లో రోజూ ఏది ఎంత పారబోస్తున్నారో ఒక పాత నోటుపుస్తకంలో రాయండి. గ్రాముల్లో తూచనవసరం లేదు. గరిటెలలో, గ్లాసులలో, పిడికిళ్లలో రాస్తే చాలు. అన్నం రెండు గరిటెలు, కొత్తిమీర సగం కట్ట, పులిసిన పెరుగు ఒక గిన్నె, ఎండిన రొట్టెలు రెండు అని రాయండి. ఎవరినీ తప్పుపట్టకుండా రాయాలి, లేకపోతే పిల్లలు పళ్లెంలో మిగిలినది దాచి పారేస్తారు.

ఆ లెక్క ఎందుకంత అవసరమో ఒక ఉదాహరణతో చెబుతాను. మన వంటింటి గ్లాసు ఒకటి సుమారు 200 గ్రాముల బియ్యం పడుతుంది. రోజుకు ఒక గ్లాసు బియ్యానికి సరిపడా అన్నం పారబోసే ఇంట్లో నెల తిరిగే సరికి 6 కిలోల బియ్యం పోయినట్టే. 2025 ఉగాది నాడు హుజూర్‌నగర్‌లో ప్రారంభమైన సన్నబియ్యం పథకం కింద రేషన్ కార్డులో పేరున్న ఒక్కొక్కరికి నెలకు ఇచ్చేది కూడా సరిగ్గా 6 కిలోలే. అంటే ఆ ఇల్లు తెలియకుండానే ఒక మనిషి కోటాను నెలనెలా కుడితిలో కలుపుతోంది.

వారం లెక్క పూర్తయ్యాక ఎక్కువసార్లు కనిపించిన మూడు పదార్థాల కింద గీత గీయండి. మొదటి నెలలో ఆ మూడింటి మీదే దృష్టి పెట్టండి. మా ఇంట్లో అవి అన్నం, ఆకుకూరలు, పులిసిన సల్ల. మీ ఇంట్లో వేరే ఉండవచ్చు.

రెండవ అడుగు: డబ్బును ఎక్కడ పెట్టాలో నిర్ణయించుకోవడం

పొదుపు పేరుతో చాలా ఇళ్లలో జరిగే పొరపాటు ఒకటుంది. బియ్యం రేషనులో వస్తున్నందున పళ్లెంలో అన్నం పెరుగుతూ పోతుంది, పప్పూ కూరలూ తగ్గుతూ పోతాయి. హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ 2024లో వెలువరించిన ఆహార మార్గదర్శకాలలో, రోజుకు 2,000 కిలో క్యాలరీలు అవసరమైన మనిషికి ధాన్యాలు 250 గ్రాములు, పప్పు ధాన్యాలు 85 గ్రాములు, కూరగాయలూ ఆకుకూరలూ కలిపి 400 గ్రాములు చెప్పారు. మన పళ్లేలు ఈ లెక్కకు ఎంత దూరంగా ఉన్నాయో చూస్తే, బియ్యం మీద మిగిలిన డబ్బు ఎటు పోవాలో అర్థమవుతుంది. ఆ డబ్బు కందిపప్పు, పెసర్లు, బొబ్బెర్లు, ఉలవలు, పల్లీలు, కోడిగుడ్ల మీదకు వెళ్లాలి.

కందిపప్పు ధర పెరిగిన నెలలో సగం పప్పును పెసరపప్పుతోనో, నానబెట్టి ఉడికించిన బొబ్బెర్లతోనో భర్తీ చేయవచ్చు. పాలమూరు, వనపర్తి, గద్వాల ప్రాంతాలలో పల్లీ పంట చేతికి వచ్చే రోజుల్లో కాయలతో సహా కొని ఆరబెట్టి దాచుకుంటే దుకాణం ధర కంటే చవకగా పడతాయి. అయితే బూజు పట్టిన, రంగు మారి ముడుచుకుపోయిన, చేదుగా ఉన్న గింజలను ఏరి పారేయాలి. ఆ బూజులో ఉండే విషం వేయించినా పోదు, కాలేయాన్ని దెబ్బతీస్తుంది. పొదుపులో రాజీ పడకూడని చోట్లలో ఇది ఒకటి.

జొన్నపిండిని నెలకు సరిపడా ఒకేసారి పట్టించవద్దు. పిండి పాతబడ్డకొద్దీ రొట్టె విరుగుతుంది, రుచి మారుతుంది, చివరి కిలో పురుగుల పాలవుతుంది. రెండు కిలోల చొప్పున గిర్నీకి తీసుకుపోవడం మేలు.

కూరగాయలకు వారపు అంగడి చివరి గంటలో వెళితే బేరం కుదురుతుంది, నిజమే. కానీ చవకగా వచ్చాయని అయిదు కట్టల పాలకూర తెచ్చి మూడు కట్టలు కుళ్లబెట్టడం మా ఇంటి నోటుపుస్తకంలో పదేపదే కనిపించిన తప్పు. ఆకుకూర రెండు రోజులకు మించి కొనకూడదు. అనిగెపుకాయ, గుమ్మడికాయ, దోసకాయ, ఆలుగడ్డ, ఉల్లిగడ్డ మాత్రం వారానికి సరిపడా తెచ్చుకోవచ్చు. వానకాలంలో గట్ల మీద గంగవాయిలి కూర, తోటకూర ఊరికే దొరుకుతాయి. పత్తి చేనులో, చేని గట్టు మీద మొలిచిన ఆకును మాత్రం కోయకండి, ఆ చేలకు మందు కొడుతూనే ఉంటారు.

టమాట ధర పూర్తిగా పడిపోయిన రోజుల్లో ఒక బుట్ట తెచ్చి, చక్రాలుగా కోసి, ఉప్పు చల్లి ఎర్రటి ఎండలో ఒరుగులు పెట్టుకుంటే వానకాలమంతా పప్పులోకి పనికి వస్తాయి. గోకరకాయ, వంకాయ, కాకరకాయ కూడా ఇలాగే ఒరుగులవుతాయి. ఎండ విషయంలో మనకు కొదవ లేదు కదా.

మూడవ అడుగు: మిగిలేటట్టు వండడం

తానుగా మిగిలిపోయిన వంట వేరు, మనం కావాలని మిగిల్చుకున్న వంట వేరు. మొదటిది ఉప్పు, కారం, పులుపు అన్నీ పడ్డాక మిగులుతుంది కాబట్టి దానితో చేయగలిగేది తక్కువ. రెండవది తాలింపు పడకముందే పక్కకు తీసినది కాబట్టి ఎటు తిప్పితే అటు తిరుగుతుంది. ఈ తేడా తెలిసిన ఇల్లాలికి వారంలో మూడు నాలుగు పూటలు సగం పని ముందే అయిపోయి ఉంటుంది.

ఉదాహరణకు సోమవారం కుక్కరులో కందిపప్పు ఉడికించేటప్పుడు రెండు పూటలకు సరిపడా, ఉప్పు వేయకుండా, పసుపు మాత్రమే వేసి ఉడికించండి. మూత తీసిన వెంటనే సగం పప్పును వేరే డబ్బాలోకి తీసిపెట్టి, మిగిలిన సగంలో పుంటికూర వేసి పప్పు చేసుకోండి. తీసిపెట్టిన సగం మరునాడు టమాట పప్పుచారు కావచ్చు, అనిగెపుకాయ దాల్చా కావచ్చు. ఒక్కసారి పెట్టిన కుక్కరుకు రెండు పూటల పప్పు వచ్చింది, గ్యాసూ కలిసివచ్చింది. ఆలుగడ్డలు, బొబ్బెర్లు, శనగలు, కోడిగుడ్లు కూడా ఇదే తీరున ఒకసారి ఉడికించి రెండు సార్లు వాడుకోవచ్చు. గుడ్లను మాత్రం పెంకు తీయకుండా దాచాలి.

అన్నాన్ని కొలతతోనే వండాలి. రాత్రి పూట పొద్దుటి సద్దికి ఎంత కావాలో అంతే అదనంగా వేయాలి. ఎవరైనా చుట్టాలు వస్తారేమోనని రోజూ ఒక గ్లాసు ఎక్కువ వేసే అలవాటు మా అత్తమ్మకు ఉండేది. వాళ్ల ఊరిలో అది మర్యాద, మేముండే వీధిలో ఫోను చేయకుండా ఎవరూ రారు. చుట్టాలు వస్తే పది నిమిషాల్లో ఉప్మా కలుపుకోవచ్చని ఆమెను ఒప్పించడానికి నాకు ఏడాది పట్టింది.

ఇంకొక మాట. ఎంగిలి అనే పాత పట్టింపులో గట్టి కారణం ఉంది. ఎంగిలి చేయి, ఎంగిలి గరిటె తగిలిన వంట తొందరగా పాడవుతుంది. అందుకే గిన్నెలో శుభ్రమైన గరిటె పెట్టి కొద్దికొద్దిగా వడ్డించుకోవాలి. గిన్నెలో మిగిలినదే మిగులు. పళ్లెంలో మిగిలినది మళ్లీ గిన్నెలోకి పోకూడదు.

నాలుగవ అడుగు: చల్లార్చడం, దాచడం, మళ్లీ వేడి చేయడం

ఈ భాగాన్ని తొందరపడకుండా చదవండి. ఇక్కడ జరిగే పొరపాటు ఒక్కసారి ఆసుపత్రికి తీసుకుపోయినా, ఏడాది పొదుపంతా అక్కడే ఖర్చవుతుంది.

బియ్యంలో సహజంగానే ఒక రకం సూక్ష్మజీవి విత్తనాలు ఉంటాయి. దాని పేరు బాసిల్లస్ సీరియస్. ఆ విత్తనాలు అన్నం ఉడికినా చావవు. వేడి అన్నం గిన్నెలో మూత కింద గోరువెచ్చగా గంటల తరబడి ఉన్నప్పుడు అవి మొలకెత్తి, పెరిగి, వాంతులు తెప్పించే విషాన్ని వదులుతాయి. ఆ విషం మళ్లీ వేయించినా, మరిగించినా పోదు. కాబట్టి పాడైన అన్నాన్ని బాగా వేడి చేస్తే సరిపోతుందన్న నమ్మకం తప్పు. ఆ స్థితి రాకుండా ముందే చల్లార్చుకోవడమే దారి.

సుమారు 5 డిగ్రీల నుంచి 60 డిగ్రీల సెల్సియస్ మధ్య వేడిలో సూక్ష్మజీవులు వేగంగా పెరుగుతాయి. వండిన పదార్థం ఏదైనా ఈ మధ్య స్థితిలో రెండు గంటలకు మించి ఉండకూడదు. మన వేసవిలో పగటి ఎండ 40 డిగ్రీలు దాటి ఇంటి లోపల కూడా ఉడుకుతున్నప్పుడు దానిని ఒక్క గంటకు కుదించుకోవాలి. అందుకు చేయవలసిన పని తేలికే. అందరూ తినడం పూర్తికాగానే, మిగిలిన అన్నాన్ని వెడల్పాటి పళ్లెంలో పలుచగా పరిచి ఫ్యాను కింద పెట్టండి. పదిహేను, ఇరవై నిమిషాల్లో ఆవిరి పోతుంది. అప్పుడు చిన్న డబ్బాలలోకి ఎత్తి ఫ్రిజ్‌లో పెట్టండి. లోతైన గిన్నెతో అలాగే ఫ్రిజ్‌లో పెడితే పైపొర చల్లబడుతుంది, నడుమ గంటల తరబడి వెచ్చగానే ఉంటుంది. పప్పు, చారు వంటివైతే గిన్నెను చల్లటి నీళ్ల తొట్టిలో నిలబెట్టి గరిటెతో తిప్పుతూ ఉంటే త్వరగా ఆరుతాయి.

దాచిన అన్నాన్ని మరునాటిలోగా వాడేయాలి. పప్పు, కూర, మాంసం కూరలను రెండు రోజుల లోపు ముగించాలి. కొన్ని చోట్ల మూడు నాలుగు రోజుల వరకు పరవాలేదని చెబుతారు, కానీ కరెంటు నిలకడగా ఉండే ఇళ్ల లెక్క అది. వేసవిలో కరెంటు పోయి వస్తూ ఉండే ఊళ్లలో రెండు రోజుల హద్దే మంచిది. బయటికి తీసినప్పుడు ఆ పూటకు కావలసినంతే తీసి, నడుమ నుంచి కూడా ఆవిరి పొగలు వచ్చేదాకా వేడి చేసి, తిన్నాక మిగిలితే దానిని మళ్లీ దాచకూడదు. ఒక వంటకు ఒక్క వేడే అని మా ఇంట్లో పిల్లలకు కూడా తెలుసు.

ఫ్రిజ్ లేని ఇళ్లవారు పూటకు పూట వండుకోవడమే ఆదా. తడి గోనెపట్టా చుట్టిన కుండ, రంజన్ పక్కన ఇసుకలో పెట్టిన మట్టిపాత్ర వంటివి పొడి ఎండల్లో కూరగాయలనూ ఆకుకూరలనూ ఒక రోజు ఎక్కువ నిలబెడతాయి. వండిన అన్నానికీ మాంసానికీ ఆ చల్లదనం సరిపోదు, వానకాలంలో గాలిలో తేమ ఉంటుంది కనుక అది కూడా దొరకదు. ఫ్రిజ్ లేకుండా అన్నాన్ని తెల్లవారే వరకు నిలిపే పాత దారి ఒక్కటే ఉంది, అదే సద్ది.

అయిదవ అడుగు: అన్నాన్ని మళ్లించడం

సద్దన్నం కోసం రాత్రి వండిన అన్నాన్నే వాడాలి. మధ్యాహ్నం నుంచి గిన్నెలో పడి ఉన్న అన్నం పనికిరాదు. అన్నాన్ని ఆరబెట్టి మట్టి కుండలోకి వేసి, కాచి చల్లార్చిన తాగే నీళ్లు అన్నం మీద రెండు వేళ్ల మందం నిలిచేలా పోయండి. నల్లగొండ జిల్లాలో బోరు నీళ్లలో ఫ్లోరైడ్ ఎక్కువన్న సంగతి అందరికీ తెలిసిందే కాబట్టి, సద్దికి కూడా తాగడానికి వాడే మిషన్ భగీరథ కుళాయి నీళ్లో, శుద్ధి చేసిన నీళ్లో పోయాలి. రాత్రే ఒక చెంచా పుల్లటి సల్ల కలిపితే పులియడం వెంటనే మొదలై, ఆ పులుపు చెడ్డ సూక్ష్మజీవులను అణచి ఉంచుతుంది. రాత్రి తొమ్మిదికి పోస్తే పొద్దున ఆరేడు గంటలకు తినేయాలి. రోహిణి కార్తె ఎండల్లో కుండను బయట ఉంచకుండా ఫ్రిజ్‌లోనే పెట్టి, పొద్దున తీసి సల్ల కలుపుకోవడం క్షేమం. తీగలు సాగినా, పులుపు కాక వేరే వాసన తగిలినా రుచి చూడకుండా పారబోయాలి.

పొద్దున ఆ అన్నాన్ని చేత్తో మెదిపి, ఉప్పు, సల్ల, తరిగిన ఉల్లిగడ్డ, పచ్చిమిరపకాయ కలిపి, పక్కన గుప్పెడు వేయించిన పల్లీలో, ఉడికించిన గుడ్డో పెడితే పూర్తి పూట భోజనం అవుతుంది. పల్లీలు, గుడ్డు లేకుండా సద్ది ఒక్కటే తింటే పదిన్నరకే ఆకలి వేస్తుంది, పిల్లలు బడి ముందర ఏదో ఒక పొట్లం కొనుక్కుంటారు, ఆదా చేసిందంతా అక్కడ పోతుంది.

సద్దుల బతుకమ్మ నాడు మనం చేసే నువ్వుల సద్ది, పల్లీల సద్ది, కొబ్బరి సద్ది, పెరుగు సద్ది, పులిహోర మామూలు రోజుల్లో కూడా పనికి వచ్చే పాఠాలు. ఒకే అన్నానికి పొడి మార్చితే వంటకం మారుతుంది. పావు కిలో పల్లీలు, గుప్పెడు నువ్వులు, అయిదారు ఎండుమిరపకాయలు, ఒక ఎల్లిగడ్డ, ఉప్పు కలిపి పొడి చేసి సీసాలో పెట్టుకుంటే, పది రోజుల పాటు పొద్దుటి అన్నానికి మాంసకృత్తులు తోడవుతాయి. చెంచా నూనెతో ఆవాలు, జీలకర్ర, కరివేపాకు తాలింపు వేసి, ఫ్రిజ్‌లో నుంచి తీసిన అన్నాన్ని విడదీసి అందులో వేయండి. పొగలు వచ్చేదాకా తిప్పి, ఈ పొడి రెండు చెంచాలు చల్లి, దించాక నిమ్మకాయ పిండండి. ఒకసారి చల్లబడిన అన్నంలో కొంత పిండి పదార్థం తొందరగా అరగని రూపానికి మారుతుంది కనుక కడుపు కాస్త నిండుగా ఉంటుంది. అంతమాత్రాన చక్కెర వ్యాధి ఉన్నవారు రెట్టింపు తినవచ్చని అర్థం కాదు.

అన్నం రెండు గరిటెలే మిగిలితే దోసెలకు పప్పు రుబ్బేటప్పుడు అందులో వేసేయండి, దోసె మెత్తగా వస్తుంది. ఇక వేసవిలో, ఎండ ఖాయమనుకున్న రోజున, మిగిలిన అన్నాన్ని పచ్చిమిర్చి, జీలకర్ర, ఉప్పుతో మెత్తగా రుబ్బి వడియాలు పెట్టవచ్చు. మబ్బు పట్టిన రోజు ఆ ప్రయత్నమే వద్దు. వడియాలు వేయించడానికి నూనె కావాలి కనుక నేను వాటిని పొదుపు పద్దులో రాయను, ముచ్చట పద్దులో రాస్తాను.

ఆరవ అడుగు: పప్పు మిగిలితే తపాలా చెక్క

పలుచటి పప్పు మిగిలితే చింతపండు పులుసు, నీళ్లు పోసి పప్పుచారుగా మరిగించడం అందరికీ తెలిసినదే. చిక్కటి పప్పు మిగిలినప్పుడు తపాలా చెక్క చేయడం నాకు బాగా కలిసివచ్చిన పద్ధతి. కొన్ని ఊళ్లలో దీనినే సర్వపిండి అనీ, గిన్నప్ప అనీ అంటారు. ఇంట్లో ఎక్కువైన బియ్యాన్ని కడిగి, ఆరబెట్టి, గిర్నీలో పట్టించుకుంటే పిండి కొనే అవసరం కూడా ఉండదు.

నలుగురికి రెండు గ్లాసుల బియ్యపు పిండి, ఒక గ్లాసు మిగిలిన చిక్కటి పప్పు, కచ్చాపచ్చాగా దంచిన పల్లీలు ఒక గుప్పెడు, నువ్వులు రెండు చెంచాలు, సన్నగా తరిగిన పెద్ద ఉల్లిగడ్డ, కరివేపాకు, దంచిన పచ్చిమిర్చి, కొద్దిగా జీలకర్ర తీసుకోండి. మెంతికూరో తోటకూరో ఉంటే అది కూడా తరిగి వేయండి. పప్పులో ఉప్పు ముందే ఉంది కాబట్టి పిండికి సరిపడా చిటికెడే వేయాలి. ముందుగా పప్పును పొగలు వచ్చేలా వేడి చేసి, ఆ వేడి మీదే పిండిలో కలిపి, తడి చాలకపోతేనే కొద్దికొద్దిగా నీళ్లు చల్లుతూ గట్టి ముద్దగా చేయండి. అడుగు మందంగా ఉన్న తపాలాకు చెంచా నూనె రాసి, ముద్దను అడుగునా అంచులకూ చేత్తో పలుచగా అద్ది, వేలితో అక్కడక్కడా రంధ్రాలు చేసి, రంధ్రానికి రెండు చుక్కల నూనె వేయండి. మూత పెట్టి సన్నటి మంట మీద పది పన్నెండు నిమిషాలు ఉంచితే అడుగు ఎర్రగా కరకరలాడుతుంది, పైభాగం ఆవిరికి మగ్గుతుంది. తిప్పి కాల్చనవసరం లేదు. రెండవ చెక్క అద్దే ముందు తపాలాను నీళ్ల కింద చల్లబరచాలి, లేకపోతే చేతులు కాలుతాయి. రెండు తపాలాలు ఉంటే పని సాగుతుంది.

నాలుగు చెంచాల నూనెతో నలుగురికి పొద్దుటి టిఫిను అయింది, బియ్యమూ పప్పూ పల్లీలూ ఒకే ముక్కలో కడుపులోకి వెళ్లాయి. బియ్యంలో కొరతపడే మాంసకృత్తి భాగాన్ని పప్పు భర్తీ చేస్తుంది, పప్పులో కొరతపడేదానిని బియ్యం భర్తీ చేస్తుంది. ఇదే పప్పును గోధుమపిండిలో కలిపి రొట్టెలు చేసినా ఫలితం అదే.

రొట్టె, గట్క

జొన్నరొట్టె రెండవ రోజుకు గట్టిపడుతుంది కాని, తడి తగలకుండా ఉంటే తొందరగా పాడవదు. మిగిలిన రొట్టెలను గుడ్డలో చుట్టకుండా విడివిడిగా ఆరనిచ్చి, పెనం మీద సన్నటి సెగన కరకరలాడేలా కాల్చి పెట్టుకుంటే రెండు మూడు రోజులు వస్తాయి. వాటిని విరిచి వేడి పప్పుచారులోనో, సల్లలోనో నానబెట్టి, ఉల్లిగడ్డ కొరుక్కుంటూ తినడం పాలమూరు పల్లెల్లో పాత అలవాటే. పిల్లలకైతే మలీద చేయండి. గోధుమ రొట్టెలనో జొన్నరొట్టెలనో మెత్తగా నలిపి, బెల్లం తురుము, కొద్దిగా నెయ్యి, దంచిన పల్లీలు కలిపి ముద్దలు కడితే సాయంత్రం బడి నుంచి వచ్చాక తినడానికి బిస్కెట్ల అవసరం ఉండదు. బతుకమ్మ పండుగకు పంచుకునే మలీదనే వారానికి ఒకసారి చేసుకోవడానికి ఏ అడ్డూ లేదు.

రాత్రి మిగిలిన జొన్న గట్క పొద్దున సల్లలో కలిపితే సల్ల గట్క. దానికి వేరే వివరణ అక్కరలేదు, సద్దన్నానికి చెప్పిన జాగ్రత్తలన్నీ దీనికీ వర్తిస్తాయి.

ఏడవ అడుగు: కూరలు, ఆకులు, తొక్కలు

వేపుడు కూర కొద్దిగా మిగిలితే దానిలో రెండు గుడ్లు కొట్టి పొరటు చేయండి. ఆలుగడ్డ, చిక్కుడుకాయ, గోకరకాయ, క్యాబేజీ వేపుళ్లన్నిటికీ ఇది సరిపోతుంది. పులుసు కూర మిగిలితే అందులో ఉడికించిన బొబ్బెర్లో శనగలో వేసి మళ్లీ మరిగించి రొట్టెలోకి పెట్టండి. రెండు కూరలు చెరి గరిటెడు మిగిలినప్పుడు వాటిని కలిపేయాలన్న ఆశ పుడుతుంది. ఒకదానిలో చింతపండు, మరొకదానిలో పాలో పెరుగో ఉంటే కలపకండి, రెండూ పాడవుతాయి.

మళ్లీ వేడి చేసిన కూరలో సి విటమిను చాలావరకు పోయి ఉంటుంది. అందుకే మిగులు వంట తినే ప్రతి పూటా పచ్చిది ఒకటి పళ్లెంలో ఉండాలని మా ఇంట్లో నియమం. కీరదోసకాయ ముక్కలు కావచ్చు, ఉల్లిగడ్డ మీద నిమ్మరసం కావచ్చు, సీజనులో చవకగా దొరికే మన బత్తాయి కావచ్చు, జామకాయ కావచ్చు. సి విటమిను తోడుంటే ఆకుకూరలలోని ఇనుము ఒంటికి బాగా పడుతుంది. భోజనం అయిన వెంటనే చాయ్ తాగితే ఆ ఇనుమే ఒంటికి సరిగా పట్టదు, గంట ఆగి తాగండి. పచ్చిపులుసు కూడా ఇక్కడ గుర్తు చేసుకోవాలి. చింతపండు రసంలో ఉల్లిగడ్డ, కాల్చిన మిరపకాయ, కొత్తిమీర కాడలు నలిపి వేస్తే చాలు, పొయ్యి దాదాపు వెలిగించకుండానే చారు తయారవుతుంది.

బీరకాయ చెక్కు, అనిగెపుకాయ చెక్కు చెత్తలో వేయకండి. బాగా కడిగి, చెంచా నూనెలో పచ్చిమిర్చి, నువ్వులతో మగ్గించి, చింతపండు, ఎల్లిగడ్డ వేసి నూరితే ఒక పూటకు మంచి తొక్కు అవుతుంది. తోటకూర కాడలు పులుసులోకి, ముల్లంగి ఆకు పప్పులోకి, పుచ్చకాయ ఎర్రటి గుజ్జు తిన్నాక మిగిలే తెల్లటి భాగం కూరలోకి పనికి వస్తాయి. ఆకుపచ్చగా మారిన ఆలుగడ్డ భాగాలనూ మొలకలనూ మాత్రం లోతుగా కోసి పారేయాలి. అన్నం వార్చే అలవాటున్నవారు గంజిని పారబోయకుండా చారు చిక్కదనానికి వాడుకోవాలి, లేదా ఉప్పు, సల్ల కలుపుకొని తాగాలి. బి విటమినులలో కొంత భాగం అందులోకే దిగి ఉంటుంది.

పులిసిన సల్ల మా నోటుపుస్తకంలో మూడవ నేరస్థురాలని ముందే చెప్పాను. దానిలో చెంచా శనగపిండి కలిపి, అనిగెపుకాయ ముక్కలు ఉడికించి పోసి, తాలింపు వేస్తే సల్ల చారు అవుతుంది. మూడు రోజులకు ఒకసారి ఈ చారు పెట్టుకోవడం మొదలుపెట్టాక పారబోయడం ఆగిపోయింది.

ఆదివారం మాంసం

కిలో కోడిమాంసం ఐదుగురికి ఒకే పూటలో అయిపోవడం మన ఇళ్లలో మామూలు. వండే ముందే పావు వంతు మాంసాన్ని పక్కకు తీసి, పసుపు, ఉప్పుతో ఉడికించి, ఆ ముక్కలనూ రసాన్నీ చల్లార్చి ఫ్రిజ్‌లో దాచండి. సోమవారం ఆ ముక్కలను పుంటికూరలో వేస్తే రెండవ పూట కూర వచ్చింది, రసం చారుగా మారింది. మటన్ అయితే బొక్కలను వేరుగా ఉడికించి, పులుసుతో సహా దాచి, మూడవ అడుగులో తీసిపెట్టిన ఉత్త కందిపప్పు, అనిగెపుకాయ ముక్కలు, చింతపండు కలిపి దాల్చా చేయండి. కొద్ది మాంసంతో ఇంటిల్లిపాదికీ మాంసం కూర తిన్నట్టు అనిపించే వంట నాకు తెలిసినంతలో ఇదొక్కటే. పళ్లాలలో నమిలి వదిలిన బొక్కలను దీనికి వాడకూడదని వేరే చెప్పనవసరం లేదనుకుంటాను.

ఎనిమిదవ అడుగు: ఒక వారం ఎలా నడుస్తుంది

ఆదివారం మధ్యాహ్నం మటన్ కూర, రాత్రి అన్నం, పచ్చిపులుసు, ఉడికించిన గుడ్డు. సోమవారం పొద్దున సద్దన్నం, పల్లీలు; మధ్యాహ్నం రెండు పూటల పప్పు ఉడికించి సగంతో పుంటికూర పప్పు, మిగిలిన సగంతో అదే రాత్రి ఆదివారం బొక్కల దాల్చా. మంగళవారం పొద్దున మిగిలిన చిక్కటి పుంటికూర పప్పుతో తపాలా చెక్క, మధ్యాహ్నం గోకరకాయ వేపుడు, సల్ల చారు, రాత్రి జొన్నరొట్టె, వేపుడులో గుడ్డు పొరటు. బుధవారం పొద్దున పల్లీల పొడి అన్నం, సాయంత్రం మలీద. గురువారం అంగడి రోజు అనుకుంటే బుధవారం రాత్రి కూరగాయల బుట్టలో అడుగున పడి ఉన్నవన్నీ తీసి, బొబ్బెర్లతో కలిపి ఒకే పులుసు పెట్టాలి. బుట్ట ఖాళీ అయ్యాకే అంగడికి బయలుదేరాలన్న నియమం పెట్టుకుంటే కొనేదీ తగ్గుతుంది, కుళ్లేదీ తగ్గుతుంది. శుక్రవారం, శనివారం మళ్లీ కొత్త ఆకుకూరతో ఇదే చక్రం.

ఏడాది నిండని పసిపిల్లలకు, గర్భిణులకు, జబ్బుతో ఉన్నవారికి, బాగా వయసు మళ్లినవారికి మాత్రం వీటిలో అప్పుడే వండిన భాగాన్నే పెట్టండి. వారి కోసం విడిగా వండనవసరం లేదు, తీసిపెట్టేటప్పుడు తాజాది వారికి ముందు వడ్డిస్తే చాలు.

మనుషులు తినకూడని మిగులు

గడువు దాటినది, వాసన మారినది, ఎంగిలి అయినది, రెండుసార్లు వేడి చేసినది ఎంత ఖరీదైనదైనా వదిలేయాలి. ఇంట్లోనో, పక్కింట్లోనో బర్రె ఉంటే బియ్యం కడిగిన నీళ్లు, కూరగాయల చెక్కులు, గంజి కుడితి గోలెంలో పోయవచ్చు. నూనె, మసాలా, ఉప్పు ఎక్కువగా ఉన్నవీ, బూజు పట్టినవీ అందులో పోయకూడదు. ఇంకొక జాగ్రత్త ఉంది. పెళ్లిలోనో దావత్‌లోనో మిగిలిన అన్నాన్ని జాలిపడి గంపలకొద్దీ బర్రె ముందు కుమ్మరిస్తారు. ఒకేసారి ఎక్కువ అన్నం తింటే దాని పొట్టలో పులుపు పెరిగి, మేత మానేసి, ప్రాణం మీదికి కూడా రావచ్చు. అందుకే కుడితిలో అన్నం గుప్పెడు రెండు గుప్పెళ్లకు మించకుండా చూసుకోవాలి. ఆ గుప్పెళ్లు కూడా నోటుపుస్తకంలో ఎక్కించాలి.